వరసలో మొదటి మాట

ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగడం సూరమ్మకి పుట్టుకతో రాలేదు. రాజోలు పక్కన వాళ్ళ ఊళ్ళో ఎవరైనా "మొన్న మా బావ..." అని మొదలుపెడితే చాలు, "అమలాపురం వెళ్ళాడు, బస్సు తప్పిపోయింది, అంతేగా" అని తనే ముగించేసేది. సగంసార్లు సరిగ్గానే ఉండేది. తక్కిన సగం కూడా ఆవిడ ధీమా చూసి, నిజంగా అలాగే జరిగిందేమోనని అవతలివాళ్ళు ఊరుకునేవారు. వాళ్ళక్క రత్తమ్మ మాత్రం నా మాట నన్ను చెప్పుకోనివ్వవే అని కసిరేది. నువ్వు చెప్పేసరికి అన్నం చల్లారిపోద్ది అనేది సూరమ్మ. అందులో గర్వమే గాని చెడ్డబుద్ధి లేదు. బరువు మోసుకొస్తున్న మనిషి నెత్తిమీంచి గంప అందుకున్నట్టు, తడబడే మనిషి నోట్లోంచి మాట అందుకోవడం కూడా సాయమేనని ఆవిడ నమ్మకం.

అలాంటి సూరమ్మకి సింగపూర్‌లో దొరికింది నోట మాట లేని ముసలావిడని చూసుకునే పని. హౌగాంగ్‌లో ఒక పాత బ్లాకు, కారిడార్ చివర ఫ్లాట్. కువైట్‌లో కొన్నేళ్ళు అంట్లు తోమి, పిల్లల్ని ఎత్తుకుని, తిట్లు తిని వచ్చిన మనిషికి ఆ ఇల్లు పుట్టింటిలా కనిపించింది. అరిచేవాళ్ళు లేరు. అసలు శబ్దమే లేదు. ఆ నిశ్శబ్దాన్ని నింపడానికి సూరమ్మ పొద్దస్తమానం తెలుగులో మాట్లాడుతూ ఉండేది, గిన్నెలతో, ఫ్యానుతో, పొయ్యి మీద ఉడుకుతున్న గంజితో.

ఆ ఇంటి పెద్దావిడ పేరు గెక్ ఎంగ్. ఇంట్లోవాళ్ళు ఆ మా అని పిలుస్తారు, మనం మామ్మ అన్నట్టు. సూరమ్మ అమ్మా అనేది, ఎవరూ తప్పు పట్టలేదు. ఒకప్పుడు చైనీస్ బళ్ళో పంతులమ్మ. నల్లబల్ల మీద ఆవిడ అక్షరం రాస్తే పిల్లలు చెరపడానికి భయపడేవారట. గొంతులో కంతి వచ్చి ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది గాని మాట పోయింది. ఇప్పుడు మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద తెల్లటి గుడ్డ, అందులోంచే ఊపిరి. పైగా కళ్ళు. చూపు మొత్తం పోలేదు, నడిమి చూపు పోయింది. ఎవరినైనా చూడాలంటే మొహం పక్కకి తిప్పి కంటి చివర్నించి చూడాలి. కొత్తలో సూరమ్మకి అది తెలియక, ఈవిడకి నేనంటే ఎంత చులకనో, పలకరిస్తే మొహం తిప్పేసుకుంటోంది అని మనసులో నొచ్చుకుంది. ఆ మొహం తిప్పడమే చూడడమని తెలిశాక, ఆవిడ తిప్పినప్పుడల్లా చీర సర్దుకుని నిలబడేది.

కూతురు లీ పెంగ్ సింగపూర్‌లోనే పాసిర్ రిస్‌లో ఉంటుంది. ఉద్యోగం, భర్త, పాలిటెక్నిక్ చదివే కూతురు షూ యిన్. ఆదివారాలు వస్తారు. ఒక ఆదివారం లీ పెంగ్ వేలితో రాసుకోవడానికి వీలుగా పెద్ద తెర ఉన్న ట్యాబ్ తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టింది. దాన్ని నడిపే బాధ్యత సూరమ్మ మీద పడింది.

చైనా లిపిలో మనకున్నట్టు గుణింతాలూ ఒత్తులూ లేవు. మాటకో బొమ్మ. ఆ బొమ్మ గీతల్ని తెర మీద వేలితో గీస్తే, ఆ పోలికలో ఉన్న అక్షరాలన్నీ పైన ఒక వరసలో వచ్చి నిలబడతాయి. కావలసినదాన్ని నొక్కాలి. నొక్కగానే ఇంకో వరస వస్తుంది. దాని తర్వాత మామూలుగా ఏ మాట వాడతామో ట్యాబే ఊహించి అందిస్తుంది. పెద్దావిడకి రాయడం చేతి అలవాటు, చూడనక్కర్లేదు. కానీ ఆ వరసలోని సన్న అక్షరాలు ఆవిడకి ఆనవు. అందుకని ఆవిడ రాయాలి, సూరమ్మ నొక్కాలి.

నాకు మీ అక్షరం ముక్క రాదు కదమ్మా అంది సూరమ్మ. షూ యిన్ నవ్వింది. ఆ పిల్ల చైనీస్ కూడా ఇంగ్లీషు అక్షరాలతోనే కొడుతుంది. చేత్తో రాయమంటే తన పేరు దగ్గరే రెండుసార్లు ఆగుతుంది.

"ఫస్ట్ వన్ నొక్కండి ఆంటీ, మోస్ట్‌లీ కరెక్ట్ లా," అని షూ యిన్ మాట చివర లా తగిలించే సింగపూర్ ఇంగ్లీషులో చెప్పింది. "మీరు వాడేకొద్దీ అదే నేర్చుకుంటుంది."

ఈ మాట సూరమ్మకి తెగ నచ్చింది. ఎదుటివాళ్ళు నోరు తెరవకముందే ఏం చెప్పబోతున్నారో కనిపెట్టే వస్తువు. ఇది నా జాతిదే అనుకుంది.

ఆ ట్యాబ్ ఎందుకు వచ్చిందో లీ పెంగ్ ఆ రోజే వంటింట్లో నిలబడి చెప్పింది. పెద్దావిడకి ఒక చెల్లెలుంది, గెక్ చూ. మలేషియాలో మువార్‌లో ఒంటరిగా ఉంటుంది. చిన్నప్పుడు తండ్రి పోతే ఇద్దరిలో ఒకరినే చదివించగలిగారు. అక్క సింగపూర్ వచ్చి బళ్ళో చేరింది. చెల్లెలు తెల్లారకముందే లేచి రబ్బరు చెట్లకి గాట్లు పెట్టే పనికి వెళ్ళింది. బయలుదేరిన రోజు అక్క మాట ఇచ్చింది, నాకంటూ ఇల్లు వచ్చాక నిన్ను పిలుస్తాను, నా దగ్గరే ఉందువు అని. ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, ఈ ఫ్లాట్ వచ్చింది. పిలుపు మాత్రం వెళ్ళలేదు. మొదట అత్తగారు ఒప్పుకోలేదు, తర్వాత పిల్లలతో ఇల్లు చాలలేదు, ఆ తర్వాత ఇన్నేళ్ళకి ఏ మొహంతో పిలవను అనే సిగ్గు. చెల్లెలు కూడా పిలవని ఇంటికి రాలేదు. మాటలే ఆగిపోయాయి.

ఆపరేషన్ తర్వాత తల్లి కోరిందల్లా ఒకటే, చెల్లెలు ఒక్కసారి ఈ గుమ్మం తొక్కాలి. లీ పెంగ్ మువార్ వెళ్ళి అడిగింది. ఆ ముసలావిడ నిక్కచ్చిగా చెప్పేసింది. "మాట ఇచ్చింది మా అక్క. ఆవిడే పిలవాలి. నువ్వు పిలిస్తే రాను, మధ్యలో నువ్వు రాకు." గెక్ చూకి చదువు రాదు. పక్కింటామె మెసేజ్ చదివి వినిపిస్తుంది, ఈవిడ ఫోన్లో గొంతు రికార్డు చేసి పంపుతుంది. అలా ఏర్పాటయింది. ఒకరికి రాయడం వచ్చు, చూపు లేదు. ఇంకొకరికి చూపుంది, చదువు లేదు. ఆ ఇద్దరి మధ్యా సూరమ్మ.

మొదటి రోజులు బాగానే గడిచాయి. పొద్దున గంజి తాగించాక ట్యాబ్ ఒళ్ళో పెడితే, పెద్దావిడ నల్లబల్ల మీద రాసినట్టు భుజం దగ్గర్నించి చెయ్యి కదిపి రాసేది. సూరమ్మ నొక్కేది. పంపాక ఏం వెళ్ళిందోనని కుతూహలం కొద్దీ అనువాదం చేసే యాప్‌లో పెట్టి తెలుగులో చూసుకునేది. తిన్నాను. అంతా బాగుంది. నువ్వు జాగ్రత్త. ఎన్నో ఏళ్ళ తర్వాత పలకరింపు ఎవరికైనా అక్కడే మొదలవుతుంది కదా. అవతల్నించి గెక్ చూ గొంతు వచ్చేది. ఆ భాష సూరమ్మకి తెలియదు గాని, ఆ చే అనే పిలుపు అక్కా అనే మాటేనని మాత్రం పట్టేసింది. వింటూ పెద్దావిడ కళ్ళు మూసుకునేది.

తర్వాత చెయ్యి వణకడం మొదలైంది. మందుల వల్ల కొంత, వయసు వల్ల కొంత. గీత మొదలైన చోట ఒకటి, ఆగిన చోట ఇంకొకటి. వరసలో ఎప్పుడూ చూడని అక్షరాలు వచ్చి నిలబడేవి. సూరమ్మ చెప్పినట్టే మొదటిది నొక్కేది. ఒక రోజు పంపేముందు అనువాదం చూస్తే, తలుపు ఆవు వర్షం మేకు రా, అని వచ్చింది. ఆవిడకి నవ్వొచ్చింది. మర్నాడు, ఇత్తడి తలుపు మామ కింద. ఆ మర్నాడు ఇంకా అన్యాయం. ఈసారి నవ్వు రాలేదు.

కింద బెంచీల దగ్గర కలిసే ఒక తమిళ ఆయా అంతకుముందే ఒక కబురు చెప్పింది. తను పనిచేసే ఇంట్లో తాతగారు పొంతన లేకుండా మాట్లాడుతున్నాడని, మతి పోయిందని, ఇంట్లోవాళ్ళు ముసలివాళ్ళ హోంలో చేర్పించేశారట. చేర్పించిన పూట ఆయన చెప్పులు తొడుక్కోనని గుమ్మం పట్టుకుని నిలబడ్డాడట. ఆ కబురు సూరమ్మ కడుపులో పెట్టుకుంది. ఈ ఆవూ మేకూ చెల్లెలి దగ్గరికి వెళ్తే, అక్కడ పక్కింటామె గట్టిగా చదివితే, ఆ మాట లీ పెంగ్ చెవిన పడితే? పంతులమ్మగా బతికిన మనిషి పరువు ఏం కాను? ఆవిడని హోంలో పెడితే తన పని పోతుందనే భయం కూడా ఉంది, లేదనను. కానీ ముందు వచ్చిన భయం మాత్రం పెద్దావిడ కోసమే.

అందుకని సూరమ్మ ఆ పిచ్చి అక్షరాలన్నీ చెరిపేసింది. ఖాళీ అయిన చోట వరసలో ట్యాబ్ అప్పటికే మంచి మాటలు అందిస్తోంది, ఇన్నాళ్ళూ వాడి వాడి దానికి కంఠతా వచ్చిన మాటలు. మొదటిది నొక్కింది. దాని తర్వాత వచ్చిన మొదటిది నొక్కింది. అనువాదం చూసుకుంది. తిన్నాను. అంతా బాగుంది. నువ్వు జాగ్రత్త. తృప్తిగా పంపేసింది. ఒళ్ళో పెద్దావిడ వేలు ఇంకా తెర మీద కదులుతూనే ఉంది. వెళ్ళిపోయిందమ్మా, చక్కగా వెళ్ళింది అని సూరమ్మ ఆ చెయ్యి తీసి తుడిచింది.

ఇందులో మోసం ఉందని ఆవిడకి తోచలేదు. తోచకపోవడానికి కారణం ఉంది. రోజూ మధ్యాహ్నం రత్తమ్మకి ఫోన్ చేస్తే తను చెప్పేది అదే. సూరమ్మ కూతురు అరుణశ్రీని రత్తమ్మే పెంచుతోంది. తిన్నావా అంటే తిన్నాను, ఎలా ఉన్నావంటే బాగున్నాను. భుజం పట్టేసి బట్టలు ఆరేయలేక ఏడ్చిన రోజున కూడా అదే చెప్పింది. రత్తమ్మ ఏం దాచుకుని మేమూ బాగున్నాం అంటుందో సూరమ్మ ఏనాడూ అడగలేదు. అక్కాచెల్లెళ్ళు ఫోన్లో చెప్పుకునేది ఇంతకన్నా ఏముంటుంది? ఆ పిలుపు సంగతి ఆవిడకి గుర్తుంది. రోజూ అనువాదంలో వెతికేది. రా అనే మాట సూటిగా కనిపించకపోతే, బెట్టు, పెద్దరికం బెట్టు, ఇంకా లోపల నలుగుతోంది, రేపు రాస్తుందిలే అనుకునేది.

ఇంకో సంగతి ఉంది. ఆ ఫ్లాట్‌కి ముందు ఇనుప గేటు, లోపల చెక్క తలుపు. పెద్దావిడ తన కుర్చీని గుమ్మానికి ఎదురుగా వేయించుకుని, చెక్క తలుపు ఎప్పుడూ తీసి ఉంచమనేది. వాన జల్లు కొడుతోందని సూరమ్మ మూసిందా, కుర్చీ చెయ్యి మీద టకటకా కొట్టి గుమ్మం వైపు చూపించేది. గాలి కోసం కాబోలు, మెడ దగ్గర ఊపిరి ఆడదు కదా పాపం అని సూరమ్మ ఫ్యాను కూడా పెంచేది.

రోజులు గడిచాయి. గెక్ చూ గొంతు వస్తూనే ఉంది, అయితే రానురాను పొట్టిగా. అది విన్నాక పెద్దావిడ చెంప మీద నీరు కారేది. సూరమ్మ తన కొంగుతో తుడిచి, ఎంత ప్రేమో ఇద్దరికీ అనుకుని తను కూడా ముక్కు చీదుకునేది. ఆదివారం లీ పెంగ్ వచ్చి అడిగితే, రోజూ రాస్తున్నారు మేడమ్, ఒక్కరోజు మానలేదు అని గొప్పగా చెప్పేది. అమ్మా, పిన్నిని పిలిచావా అని కూతురు అడిగితే పెద్దావిడ అవునని తల ఊపేది. లీ పెంగ్ పెదవి బిగించుకునేది. ఒకసారి సింకు దగ్గర అనేసింది, మా పిన్నిది రాతి గుండె, అక్క ఇంతగా అడుగుతుంటే కరగదు అని. నిజమే మేడమ్ అంది సూరమ్మ.

ఒక పొద్దున మామూలుకంటే పొడుగైన రికార్డు వచ్చింది. గెక్ చూ గొంతు బాగా నీరసంగా ఉంది, మధ్యలో దగ్గు, మధ్యలో చాలాసేపు ఏమీ లేదు. పెద్దావిడ మొత్తం విన్నది. మళ్ళీ పెట్టమని సైగ చేసింది. మళ్ళీ విన్నది. తర్వాత ట్యాబ్ లాక్కుని రాయడం మొదలుపెట్టింది. ఎన్నడూ లేనంత వేగం. మెడ దగ్గర గుడ్డ ఎగిరెగిరి పడుతోంది. తెర మీద అక్షరాల మీద అక్షరాలు గందరగోళంగా వచ్చిపడ్డాయి. ఊపిరి అందడం లేదని సూరమ్మ హడలిపోయి, అయిపోయిందమ్మా, నేను పంపేస్తా, నాకు తెలుసుగా అని ట్యాబ్ అందుకుంది. వరసలో మొదటిది నొక్కింది. మళ్ళీ మొదటిది.

ఆ వారంలోనే గెక్ చూ పోయింది. పెద్దావిడ అంత దూరం ప్రయాణం తట్టుకోలేదని డాక్టరు వద్దనడంతో లీ పెంగ్, షూ యిన్ మాత్రం వెళ్ళారు. అన్నీ అయ్యాక మువార్ నుంచి తిన్నగా హౌగాంగ్ వచ్చారు. చావుకి వేసుకున్న తెల్లచొక్కాలు నలిగి ఉన్నాయి. లీ పెంగ్ చేతిలో ఒక పాత బట్టల సంచి ఉంది. దాన్ని తల్లి కాళ్ళ దగ్గర పెట్టి, చెప్పులు విప్పకుండానే నిలబడి మాట్లాడింది. వాళ్ళ భాషలో మాట్లాడుతున్నా, మధ్య మధ్య ఇంగ్లీషు పడటం వల్ల, ఆ తర్వాత షూ యిన్ విడమరిచి చెప్పడం వల్ల సూరమ్మకి అంతా తెలిసింది.

ఆ సంచి గెక్ చూ మంచం పక్కన ఉందట. మడత పెట్టిన బట్టలు, కొత్త చెప్పులు, అక్కకి చిన్నప్పుడు ఇష్టమని ఒక బిస్కట్ల డబ్బా. ట్యాబ్ కొన్న కొత్తలోనే సర్దిపెట్టుకుందట. పక్కింటామె చెప్పింది. రోజూ మెసేజ్ చదివించుకునేదట. చదవడం అయ్యాక, అంతేనా, కింద ఇంకేమైనా ఉందేమో సరిగ్గా చూడమ్మా అనేదట. కింద ఏమీ లేదు అంటే, సరే, తిన్నదట కదా, మంచిదే అనేదట. ఆఖరి రికార్డులో తనే నోరు విడిచి అడిగింది. "ఆ చే, తిన్నావని రోజూ చెప్తున్నావు. నాకు ఇంకొక్క మాట కావాలి. అది అనవా?"

"ఎందుకు పిలవలేదమ్మా?" అంది లీ పెంగ్. ఆ మాట ఇంగ్లీషులోనే అంది.

పెద్దావిడ కుర్చీ చెయ్యి మీద కొట్టింది. గాల్లో వేలితో గీసి చూపించింది. రాశాను, రాశాను. లీ పెంగ్ తల అడ్డంగా ఊపింది. అప్పుడు షూ యిన్, మామ్మ చెప్పేదే నిజమై ఉంటుందనే ఆశతోనే పాపం, ట్యాబ్ తెరిచి, రాసినదాన్ని పైకి చదివే సెట్టింగ్ ఒకటి నొక్కింది.

యంత్రంలోంచి ఒక ఆడగొంతు వచ్చింది. చక్కటి గొంతు, తొట్రుపాటు లేదు. తిన్నాను. అంతా బాగుంది. నువ్వు జాగ్రత్త. తర్వాత రోజుది. తిన్నాను. అంతా బాగుంది. నువ్వు జాగ్రత్త. సూరమ్మకి ఈపాటికి ఆ శబ్దాలు తెలుసు. ఒకదాని కింద ఒకటి, రోజు తర్వాత రోజు, గది నిండా అవే. పెద్దావిడ మొదట ఏదో పొరపాటున వేరేవాళ్ళది పెట్టారనుకుని చెయ్యి ఊపింది. షూ యిన్ ఆపలేదు, ఆ పిల్లకి చేతులు ఆడలేదు. ఆఖరిది, ఆ పొడుగైన రికార్డుకి జవాబుగా వెళ్ళినది, అది కూడా అంతే. తిన్నాను. అంతా బాగుంది.

పెద్దావిడ మెల్లిగా మొహం పక్కకి తిప్పింది. అంటే సూరమ్మని చూసింది.

మాట అందుకోవడంలో ఏనాడూ వెనకాడని మనిషి నీళ్ళు నమిలింది. చివరికి వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది, అక్షరాలు అర్థం లేకుండా వచ్చేవి మేడమ్, ఆవు అనీ మేకు అనీ వచ్చేవి, మీరు చూస్తే మతి పోయిందనుకుంటారని నేనే తీసేశాను. ఇంకేం వచ్చేవి అని అడిగింది లీ పెంగ్, గొంతు పెంచకుండానే.

"తలుపు అని వచ్చేది మేడమ్. రోజూ ఎక్కడో ఒకచోట తలుపు."

లీ పెంగ్ తల్లి ముందు కూర్చుని తన అరచెయ్యి చాపింది. పెద్దావిడ ఆ అరచేతిలో వేలితో రాసింది. వణుకుతూ, ఆగుతూ, ఒక్కో గీత. అక్కడ వరస లేదు, ఊహించి అందించేవాళ్ళు లేరు. లీ పెంగ్ ఆఖరి గీత అయ్యేదాకా ఆగింది. సూరమ్మ అడగలేదు గాని, లీ పెంగే ఇంగ్లీషులో చెప్పింది.

"తలుపు తీసే ఉంచాను, రా. రోజూ ఇదే రాశానంటోంది."

సూరమ్మకి గుమ్మం కనిపించింది. ఎదురుగా వేయించుకున్న కుర్చీ, తీసి ఉన్న చెక్క తలుపు, గేటు ఊచల్లోంచి కారిడార్ వెలుతురు. గాలి కోసం అనుకుంది. ఫ్యాను పెంచింది. ఆ తలుపు తెర మీదికి వస్తే తన చేత్తో చెరిపేసింది. తెలుసుకోలేక చేసిందన్నా నిజమే, తెలుసుకుందామని ఒక్కపూట ఆగలేదన్నా నిజమే. లోకంలో ఏ తిట్టైనా తిట్టండి, ఆ తిట్టు తిని బతుకుతాను అనిపించింది. కానీ లీ పెంగ్ తిట్టలేదు. "వద్దులే సురా. అమ్మ ట్యాబ్ నేను కూడా ఒక్కసారి తెరిచి చదవలేదు," అని లేచి మొహం కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

సూరమ్మ కుర్చీ ముందు కూలబడి పెద్దావిడ రెండు పాదాలూ పట్టుకుంది. మన దగ్గర పెద్దవాళ్ళ కాళ్ళు పట్టుకుంటే దాని అర్థం ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆవిడకి ఆ అర్థం తెలియదు. చెప్పులు తొడుగుతోంది కాబోలనుకుని, అలవాటు కొద్దీ, పాదాలు ముందుకి చాపింది. సూరమ్మ పక్కనున్న చెప్పులు తీసి ఆ పాదాలకి తొడిగి లేచి నిలబడింది.

ఆమెని పనిలోంచి తీసేయలేదు. తీసేస్తే బాగుండునని చాలాసార్లు అనుకుంది. మర్నాడు పొద్దున గంజి చేసి తెస్తే పెద్దావిడ పెదవి విప్పలేదు. బతిమాలింది, చెంచా నోటిదాకా పెట్టింది, తెలుగులో ఏవేవో చెప్పింది. చివరికి ట్యాబ్ తెచ్చి ఒళ్ళో పెట్టి, ఆవిడ చూపుడువేలు పట్టుకుని తెర మీద ఆనించింది. ఏమైనా రాయమ్మా, ఆవు రాయి, మేకు రాయి, ఏది వస్తే అది అలాగే ఉంచుతాను. వేలు ఆనించిన చోటే ఉంది. కదల్లేదు. ఒక్క గీత పడకుండానే పైన వరసలో ట్యాబ్ ఆ పాత మాటలు పేర్చి నిలబెట్టింది. సూరమ్మ ట్యాబ్ బోర్లా పెట్టేసింది.

ఏం చెయ్యాలో తోచక గుమ్మం దగ్గరికి వెళ్ళింది. చెక్క తలుపు రాత్రి వేసినట్టే ఉంది. దాన్ని గోడకి ఆనేదాకా బార్లా తీసింది. కారిడార్ వెలుతురు కుర్చీ దాకా వచ్చింది. ఈ ఒక్కటైనా సరిగ్గా చేశానా అన్నట్టు వెనక్కి తిరిగి చూసింది.

పెద్దావిడ కుర్చీ చెయ్యి మీద కొట్టింది. గుమ్మం వైపు చెయ్యి చాపింది. ఆ చేత్తోనే నెట్టినట్టు సైగ చేసింది, మూసెయ్యి.

సూరమ్మకి అర్థమైంది. అయినా ఈసారి తొందరపడలేదు. ఆవిడ సైగ పూర్తయ్యేదాకా ఆగింది. పెద్దావిడ మళ్ళీ అదే సైగ చేసింది. సూరమ్మ తలుపు మూసింది, గడియ కూడా వేసింది.

మధ్యాహ్నం గంజి గిన్నె అలాగే బల్ల మీద ఉంది. సూరమ్మ కూడా ఏమీ తినలేదు. వంటింటి నేల మీద కూర్చుని రత్తమ్మకి ఫోన్ చేసింది. అక్కకి చెప్పాలనుకుంది, అంతా, మొదటినుంచీ. నీ మాట నిన్ను ఎన్నడూ చెప్పుకోనివ్వలేదే, నీకేం బాధలున్నాయో ఇవాళ చెప్పు, నేను నోరెత్తను అని కూడా అడగాలనుకుంది. అవతల కుక్కర్ కూస్తోంది, టీవీ మోగుతోంది. రత్తమ్మ ఎప్పటిలాగే మొదలుపెట్టింది.

"తిన్నావటే?"

"లేదక్కా. తినలేదు. ఇక్కడేం బాగాలేదు."

"ఆఁ, మంచిది. మేమూ తిన్నాం," అంది రత్తమ్మ. "అంతా బాగానే ఉన్నాం. నువ్వు జాగ్రత్త. ఉంటానే మరి."